గోడ మందం పెంచే ముందు నీటి దారి చూడండి

రిటైనింగ్ గోడల (వెనకున్న మట్టి జారకుండా ఆపే గోడల) పనులు మంజూరు చేసే ఇంజనీరు గారికి,

నమస్కారం. కూలిన గోడ స్థానంలో ఇంకా లావుగా కడతామన్న ఫైలు వస్తే, సంతకానికి ముందు ఒక్క లెక్క చూడండి. 3 మీటర్ల ఎత్తు గోడను వెనకున్న పొడి ఇసుక మట్టి మీటరు పొడవుకు సుమారు 2.7 టన్నుల బలంతో నెడుతుంది. అదే మట్టి పైదాకా నీళ్లతో నిండితే నెట్టుడు దాదాపు 6 టన్నులు. అందులో 4.5 టన్నులు నీటిదే!

అందుకే వెనక నీరు నిలవకుండా గోడను ఆనుకుని 300 మిల్లీమీటర్ల వెడల్పున కడిగిన కంకర, దానికీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది), అడుగున చిల్లుల పైపు తప్పనిసరి చేయండి. గోడలో 75 మిల్లీమీటర్ల వీప్ హోల్ పైపులు (వెనక నీటిని బయటికి వదిలేవి) మీటరున్నరకు ఒకటి, బయటికి వాలుగా ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు చేరి ఈ పైపుల మూతులు గడ్డకడతాయి. బయటినుంచి బెజ్జాలు వరసగా, చక్కగా కనిపిస్తాయి గానీ లోపలినుంచి చుక్క రాదు. మట్టి నింపకముందే ప్రతి పైపులో కడ్డీ దూర్పించి, వెనకనుంచి నీళ్లు పోయించి చూడాలి.

నింపడానికి బంకమట్టి వద్దు, తడిస్తే ఉబ్బుతుంది. 200 మిల్లీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస కొట్టించండి. గోడకు మీటరు లోపల పెద్ద రోలరు తిరగకూడదు, మట్టిని అదిమే చిన్న యంత్రం, ప్లేట్ కాంపాక్టర్ చాలు.

పునాది కిందనుంచే జారే వాలును మాత్రం ఇలాంటి మామూలు గోడ ఆపలేదు. అక్కడ ముందు మట్టి పరీక్ష చేయించండి.

కంకర, పైపుల ఫొటోలు మట్టి కప్పకముందే కొలతల పుస్తకానికి జతచేస్తేనే బిల్లు చెల్లించమని ఆదేశించాలని మా విన్నపం.