ఆ ద్వీపాల వాళ్ళను అడగండి: ఐక్యరాజ్యసమితి వలస విముక్తి కమిటీ అధ్యక్షులకు బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి,

నమస్కారం.

1966లో బ్రిటన్ విదేశాంగ శాఖలో ఒక పెద్ద అధికారి ఫైలు మీద చిన్న నోట్ రాశారు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల గురించి. మనకు కావలసింది కొన్ని రాళ్ళు, అవి మన చేతిలోనే ఉండాలి, అక్కడ సముద్రపు పక్షులు తప్ప స్థానికులంటూ ఎవరూ ఉండరు, ఆ పక్షులకు ఇంకా కమిటీ లేదు కదా అని దాని సారాంశం. ఆ ఫైళ్ళు చాలా ఏళ్ళ తర్వాత లండన్ కోర్టుల్లో బయటికొచ్చాయి. చాగోస్‌లో స్థిరంగా ఉంటున్న జనం ఉన్నారని తేలితే, వాళ్ళ హక్కుల గురించి ఐక్యరాజ్యసమితిలోని 24 దేశాల కమిటీ ప్రశ్నిస్తుందని అధికారులు ఆ రోజుల్లో కంగారు పడ్డారు.

అయ్యా, ఆ కమిటీ మీదే. ఒకప్పుడు మీ పేరు చెబితే భయం ఉండేది. అందుకే ఈ ఉత్తరం ఇంకెవరికో కాకుండా మీకు రాస్తున్నాను.

ఆ కంగారుకు వాళ్ళు కనిపెట్టిన విరుగుడు, జనమే లేరని చెప్పడం. తరతరాలుగా కొబ్బరి తోటల్లో పనిచేస్తూ అక్కడే పుట్టి అక్కడే పోయినవాళ్ళను కాంట్రాక్టు కూలీలుగా రాసేశారు. 1965 నవంబర్ 8న చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీశారు. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1968లో. అంటే ఇల్లు అప్పగించడానికి రెండేళ్ళకు పైగా ముందే ఒక గది కోసి పక్కన పెట్టుకున్నారు. చాగోస్‌లోని పెద్ద దీవి డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 దాకా దాదాపు 1,500 నుంచి 2,000 మందిని దీవులన్నిటి నుంచీ ఖాళీ చేయించారు. వైద్యానికో చుట్టాల్ని చూడడానికో మారిషస్ వెళ్ళినవాళ్ళను తిరిగి ఓడ ఎక్కనివ్వలేదు. సరుకులు తెచ్చే ఓడలు తగ్గిపోయాయి. 1971లో డియెగో గార్సియాలో జనం పెంచుకున్న కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్డులోకి తోలి, బండ్ల పొగ వదిలి చంపారు. యజమానులు ఇంకా దీవిలో ఉండగానే.

చివరి విడతలో వెళ్ళిన ఒక మహిళ 2018లో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు మాట్లాడారు. ఆవిడకు చదువు రాదు. తన భాషలో, వీడియోలో రికార్డు చేసి పంపిన మాటలవి. ఓడలో నాలుగు రోజుల ప్రయాణం, అప్పుడు తను గర్భవతి, తర్వాత పుట్టిన బిడ్డ దక్కలేదు. అంతర్జాతీయ చట్టం మీద వచ్చిన పెద్ద పెద్ద వాదనల మధ్య, అసలు ఏం జరిగిందో చెప్పింది ఆ కొద్ది నిమిషాలే. మరుసటి ఏడాది ఫిబ్రవరి 25న మారిషస్ వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని 13 మంది న్యాయమూర్తులు అన్నారు, ఒక్కరు విభేదించారు. 2019 మే 22న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 116 దేశాలు దాన్ని సమర్థించాయి, 6 వ్యతిరేకించాయి.

సరిగ్గా ఆరేళ్ళకు, 2025 మే 22న, బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకం చేశాయి. సార్వభౌమత్వం మారిషస్‌కు, డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్ళ లీజు మీద బ్రిటన్‌కు. న్యాయం కొంత జరిగిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ బల్ల దగ్గర చాగోస్ వాళ్ళకు కుర్చీ వేయలేదు. వాళ్ళలో కొందరు ఈ ఒప్పందాన్ని స్వాగతించారు, కొందరు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ళలో ఎవరెటు ఉన్నారో తేల్చడానికి ఒక ఓటింగ్ పెట్టవచ్చు కదా? అరవై ఏళ్ళలో ఆ పని ఎవరూ చేయలేదు. ఇంకా స్వపరిపాలన రాని ప్రాంతాలంటూ మీరు ఉంచుకున్న జాబితాలోనే చాగోస్ లేదు.

జాబితాలో ఉన్నవి 17 ప్రాంతాలు, వాటిలో 15 ద్వీపాలే. 2002లో తూర్పు తైమూర్ బయటపడ్డాక ఇంకొక్కటి కూడా ఆ జాబితా నుంచి కదల్లేదు. ఇప్పుడు నడుస్తున్నది వలస నిర్మూలన కోసం ప్రకటించిన నాలుగో దశాబ్దం, 2030తో అయిపోతుంది. మూడు దశాబ్దాల్లో కానిది మిగిలిన కొద్ది ఏళ్ళలో అయిపోవాలని నేను అడగడం లేదు. అడగడం అనే పనైనా సక్రమంగా జరగాలంటున్నాను.

అది సక్రమంగా జరిగితే ఎలా ఉంటుందో మీకు తెలుసు, మీ పరిశీలకులు వెళ్ళి చూశారు కూడా. పసిఫిక్‌లో న్యూజిలాండ్ పాలనలో ఉన్న టోకెలావ్. మూడు పగడపు దీవులు, దాదాపు 1,500 జనం, విమానాశ్రయం లేదు. సమోవాలోని ఆపియా నుంచి ఓడలో ఒక రోజు పైగా ప్రయాణం. ఓడ ఒడ్డుకు రాలేదు, పెద్ద అలల మీద చిన్న పడవలోకి మారి దిగాలి. 2006లో, మళ్ళీ 2007లో, ఓటింగ్ ముందు ఆపియాలో జరిగి, తర్వాత అటాఫు, నుకునోను, ఫకావోఫో దీవుల్లో ఒకదాని తర్వాత ఒకటి సాగింది. న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంగా స్వపరిపాలన కావాలా అన్నది ప్రశ్న. మూడింట రెండొంతులు కావాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. మొదటిసారి 60 శాతం వచ్చింది. రెండోసారి 16 ఓట్లు తక్కువయ్యాయి. పదహారే! అయినా ఫలితాన్ని అందరూ తలొంచి ఒప్పుకున్నారు. ఇప్పుడే వద్దు అనడం కూడా స్వయం నిర్ణయమే. ఇంత చిన్న జనానికి ఇది సాధ్యమైనప్పుడు, చిన్నవాళ్ళు కాబట్టి అడగడం కష్టం అనే మాట ఇక ఎవరూ అనకూడదు.

దీనికి పక్కన పసిఫిక్‌లో ఫ్రాన్స్ పాలనలో ఉన్న న్యూ కాలెడోనియాను పెట్టి చూడండి. 2018లో స్వాతంత్ర్యం కావాలన్నవాళ్ళు 43 శాతం, 2020లో దాదాపు 47 శాతం. మూడో ఓటింగ్ 2021 డిసెంబర్ 12న. అప్పటికి కోవిడ్ అక్కడి మూలవాసులైన కనక్‌ల కుటుంబాల్లో చాలా చావులు మిగిల్చింది, సంతాపంలో ఉన్నాం, వాయిదా వేయండి అని వాళ్ళు వేడుకున్నారు. పారిస్ వినలేదు. కనక్‌లు బహిష్కరించారు. పోలింగ్ 44 శాతం లోపే, అందులో 96 శాతం పైగా వద్దని ఓటు. ఆ అంకె పట్టుకుని సమస్య తీరిందనుకోవడం ఎంత పొరపాటో 2024 మేలో తెలిసింది. ఓటర్ల జాబితాను విస్తరించే బిల్లు మీద గొడవలు చెలరేగి పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. చావు ఇంట్లో ఉన్నవాళ్ళను ఓటు అడగకూడదని చెప్పడానికి చట్టం కావాలా?

గువామ్‌లో చిక్కు ఇంకో రకం. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చిన దీవి. అక్కడివాళ్ళు అమెరికా పౌరులు, కానీ అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. తమ భవిష్యత్తు మీద స్థానిక జనం అభిప్రాయం తీసుకుందామంటే, అలా కొందరికే ఓటివ్వడం జాతి వివక్ష అవుతుందని 2019లో అప్పీలు కోర్టు ఆపేసింది. వలసకు గురైనది ఎవరో వాళ్ళను మాత్రమే అడిగే దారి చట్టంలో లేకపోతే, అలాంటి దారి వెతకాల్సిన చోటు మీ కమిటీయే.

ఫ్రెంచ్ పాలినీషియా సంగతి మీకు నేను చెప్పాలా? 1947లో జాబితాలోంచి తీసేసి 2013లో మళ్ళీ చేర్చారు. ఆ మధ్య కాలంలోనే అక్కడ 193 అణు పరీక్షలు జరిగాయి.

ఒక మాట మీకు నచ్చకపోవచ్చు. బ్రిటన్ పాలనలో ఉన్న, అర్జెంటీనా తనవనే ఫాక్‌లాండ్స్ దీవుల్లో 2013 ఓటింగ్‌లో బ్రిటన్‌తోనే ఉంటామన్నవాళ్ళు 1,513 మంది, వద్దన్నవాళ్ళు ముగ్గురు. మీ తీర్మానాలు మాత్రం ప్రతి ఏడూ బ్రిటన్, అర్జెంటీనా ప్రభుత్వాలు మాట్లాడుకోవాలంటాయి. అర్జెంటీనా వాదనకు చరిత్రలో ఆధారాలున్నాయి, కాదనను. కానీ చాగోస్ వాళ్ళను అడగలేదని బాధపడే నేను, ఫాక్‌లాండ్స్ వాళ్ళు చెప్పింది చెవిన పెట్టొద్దని అనలేను.

మీ నుంచి కోరేది పెద్దదేమీ కాదు. ఏటా వచ్చే మీ నివేదికలో ప్రతి ప్రాంతం పేరు పక్కన ఇంకొక కాలమ్ చేర్చండి: ఇక్కడి ప్రజలను చివరిసారి ఎప్పుడు అడిగారు, ఎవరు అడిగారు, ఓటు ఎవరికి ఉంది. చాలా చోట్ల ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఉండనివ్వండి, ఖాళీగానే అచ్చు వేయండి. మీ బృందం వస్తానంటే పాలక దేశం ఒప్పుకోకపోతే, ఆ సంగతి కూడా తేదీతో సహా అక్కడే రాయండి. మూసిన గదిలో సర్దుకోవద్దు.

చాగోస్ జాబితాలో లేకపోయినా, మేలో జరిగే మీ సెమినార్‌కు ఎవరిని పిలవాలో మీరు ఆలోచించుకోవచ్చు. ఆ ఓడ ఎక్కినప్పుడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది. ప్రయాణ ఖర్చులు మీరే భరించి, వాళ్ళ భాషలో అనువాదకుణ్ణి పెట్టి, వచ్చే మేకే వాళ్ళను పిలవండి.

గౌరవంతో,
ఒకప్పటి వలస దేశపు పౌరుడు