ద్రాక్ష అంటు వేరు ఏ జాతిదో కూడా చెప్పాలి

సంపాదకులకు,

ఆర్యా,

ద్రాక్ష సాగుపై మన పత్రికల వ్యవసాయ పేజీల్లో వచ్చే వ్యాసాలు కత్తిరింపు కాలాన్నీ ఎరువుల మోతాదునూ వివరంగానే చెబుతాయి గానీ, అంటును మోసే వేరు సంగతి వచ్చేసరికి ‘అమెరికా రూట్‌స్టాక్’ అనే ఒక్క మాటతో సరిపెడతాయి. అమెరికాలో అడవి ద్రాక్ష జాతులు ఎన్నో ఉన్నాయి. ఏది ఎలాంటి నేలలో పుట్టిందో తెలిస్తేనే మన నేలకు ఏది నప్పుతుందో ఊహించగలం.

వైటిస్ బెర్లాండియరినే చూడండి. టెక్సస్ నడిభాగంలోని ఎడ్వర్డ్స్ పీఠభూమి మీద, అక్కడి నుంచి ఈశాన్య మెక్సికో వరకు సున్నపురాతి గుట్టల మీద, వాగుల అంచున చెట్లనూ పొదలనూ పట్టుకుని పాకే తీగ ఇది. లేత కొమ్మలపై బూడిదరంగు నూగు ఉంటుంది. ముదిరిన ఆకు పైవైపు నిగనిగలాడుతుంది. వరుసగా రెండు కణుపుల వద్ద ఆకుకు ఎదురుగా నులితీగ వస్తుంది, మూడో కణుపు వద్ద రాదు. మగ పూలు ఒక తీగకు, ఆడ పూలు మరో తీగకు పూస్తాయి. పువ్వు విచ్చుకునే తీరు దగ్గరగా చూడదగినది: రేకులు కొసల వద్ద అతుక్కునే ఉండి, అడుగున ఊడి, అన్నీ కలిసి చిన్న టోపీలా రాలిపోతాయి. బఠాణీ గింజంత నల్లని కాయలు ఆలస్యంగా పండుతాయి. నేటి వర్గీకరణలో పలువురు దీనిని వైటిస్ సినేరియాలో ఒక ఉపరకంగా చూస్తున్నారు.

ఫ్రాన్సులో ద్రాక్ష వేళ్లను పాడుచేస్తున్నది ఫిలాక్సెరా పురుగేనని 1868లో తేలాక, దానిని తట్టుకునే అమెరికా జాతులైన రిపారియా, రుపెస్ట్రిస్ వేళ్లపై అంటు కట్టడం మొదలైంది. అయితే సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇనుము అందక ఆ మొక్కల ఆకులు పసుపుబారాయి. 1887లో అమెరికా వెళ్లిన ఫ్రెంచి ద్రాక్ష శాస్త్రవేత్త పియేర్ వియాలాకు టెక్సస్ తోటల నిపుణుడు టి.వి. మన్సన్ తోడ్పడ్డారు, సున్నపురాతిలోనూ పచ్చగా నిలిచే బెర్లాండియరిపై దృష్టి అప్పుడే పడింది. దీని కొమ్మ ముక్క నాటితే సులభంగా వేరు పోయదు. అందుకే దీనిని ఇతర జాతులతో సంకరం చేశారు. నేడు మన దేశంలో వాడుతున్న 110 రిక్టర్ అనే రూట్‌స్టాక్, బెర్లాండియరికీ రుపెస్ట్రిస్‌కూ పుట్టినదే.

అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష తోటలకు పేరుపొందిన హైదరాబాద్ పరిసరాల్లో ఈ విషయం అందరికీ తెలియవలసింది. తాండూరు నాపరాయి సున్నపురాయే. మన నల్లరేగడిలోనూ సున్నపు గడ్డలు కనిపిస్తాయి. కాబట్టి అంటు మొక్కలు అమ్మే నర్సరీలు పైరకం పేరుతో పాటు కింది రూట్‌స్టాక్ పేరునూ, దాని తల్లిదండ్రుల జాతులనూ చీటీపై రాయాలని నా విజ్ఞప్తి. మొక్క కొనేముందు నేలలో సున్నం శాతాన్ని పరీక్ష చేయించుకోవాలని మీ పత్రిక రైతులకు ప్రతి సీజన్‌లోనూ గుర్తు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్