మూడు లిఫాఫాలు, ఒకే జిగురు

సంపాదకులకు,

అయ్యా, మున్సిపాలిటీ కన్సల్టెన్సీ కాంట్రాక్టుల (బయటి కంపెనీలతో ప్రణాళికలు, నివేదికలు చేయించే పనుల) మీద విచారణ వేశారని పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. టెండర్ లేకుండా పని ఎవరికిచ్చారో, గడువు ఎన్నిసార్లు పొడిగించారో తేలుస్తారట. తేల్చేదీ ఆ శాఖ సార్లే కదా, తేలకేం!

నేను ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసుల్లో టెండర్ సెక్షన్ ఫైళ్లు మోసినవాణ్ని. విచారణకు వచ్చే అధికారి ముందుగా కంపారిటివ్ స్టేట్‌మెంట్ అడుగుతాడు. మూడు కొటేషన్లు, మూడు రేట్లు, తక్కువ రేటుకు టిక్కు. అందులో తప్పు దొరకదు. నేనైతే ఇన్‌వర్డ్ రిజిస్టర్, అంటే ఆఫీసుకొచ్చిన కాగితాలు నంబరు వేసి రాసుకునే పుస్తకం, తెప్పిస్తాను. ఒకసారి మా ఆఫీసుకు మూడు కంపెనీల లిఫాఫాలు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌ది, ఒకటి పుణెది, ఇంకొకటి ఎక్కడిదో. ఇన్‌వర్డ్ నంబర్లు 412, 413, 414. మూడూ ఒకే మనిషి ఒకే స్కూటర్ మీద తెచ్చిచ్చాడు. జిగురు ఇంకా ఆరనే లేదు, ముట్టుకుంటే వేలికి అంటింది. సూపరింటెండెంటు గారికి చూపిస్తే "నీకెందుకయ్యా, రాసెయ్" అన్నారు. రాసేశాను. రాసిన చెయ్యి నాదే, దాచను.

ఇప్పుడంతా ఆన్‌లైన్, లిఫాఫాలు లేవంటారు. నిజమే. ఆ జిగురు టెండర్ షరతుల్లోకి పోయింది. "గత మూడేళ్లలో ఇన్ని లక్షల జనాభా ఉన్న పట్టణాలకు ఇలాంటి నివేదికలు ఐదు చేసి ఉండాలి" అని రాస్తే, అది ఎవరి కొలతకు కుట్టిన చొక్కానో చెప్పడానికి దర్జీయే కావాలా? కన్సల్టెంటును ఎంచుకునేటప్పుడు ధరకే కాదు, నాణ్యతకూ మార్కులుంటాయి. కేంద్ర నిబంధనల ప్రకారం 80 శాతం దాకా నాణ్యతకే ఇవ్వొచ్చు. మంచిదే. కానీ ఆ మార్కులు వేసేది గదిలో కూర్చున్న నలుగురు. ప్రజెంటేషన్‌కు ఒకరికి 20కి 19, ఇంకొకరికి 11. ఎందుకు 11 అంటే ఒక్క ముక్క రాసి ఉండదు. తక్కువ రేటు చెప్పినవాడు అక్కడే కొట్టుకుపోతాడు.

ఇక నామినేషన్, అంటే టెండర్ లేకుండా నేరుగా ఒకరికే పని ఇవ్వడం. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నిబంధనల్లో 194వది చూడండి. పోటీ లేకుండా ఒక్కరికే పని ఇవ్వాలంటే పూర్తి కారణం రాసిపెట్టాలి, పై అధికారి ఆమోదం ఉండాలి. అవి మున్సిపాలిటీలకు నేరుగా వర్తించవంటారు. సరే, కారణం రాయడానికి కూడా జీవో కావాలా? ఫీజు కథ ఇంకా బాగుంటుంది. అంచనా వ్యయంలో ఇంత శాతమని ఇస్తారు. అంచనా పెరిగితే వేసినవాడి ఫీజూ పెరుగుతుంది. మరి తగ్గించి ఎవడు వేస్తాడు?

కన్సల్టెంట్లే వద్దని నేననడం లేదు. 2015లో స్మార్ట్ సిటీ మిషన్ మార్గదర్శకాల్లోనే రాష్ట్రాలు, నగరపాలికల పాలనా ఖర్చులకు 5 శాతం పక్కన పెట్టారు. ప్రణాళికలు, కన్సల్టెంట్లు అందులోకే వస్తారు. నగరానికి కేంద్రం ఇస్తామన్నది 500 కోట్లు, అందులో 5 శాతమంటే 25 కోట్లు. అంత సొమ్ముకు తగ్గ పని అడగడం తప్పా?

మా వైపే ఒక పట్టణం, పేరు వద్దు, వరద కాల్వల మీద నివేదిక చేయించుకుంది. తెలిసిన కౌన్సిలర్ ఒకాయన నాకు చూపించాడు. రంగు బొమ్మలు, మందపాటి అట్ట. లోపల ఒకచోట "సముద్రపు పోటు సమయంలో కాల్వ నీరు వెనక్కి తన్నకుండా తలుపులు అమర్చాలి" అని ఉంది. ఉత్తర తెలంగాణలో సముద్రం! ఏ కోస్తా ఊరికో చేసిన నివేదికకు మన ఊరి పేరు తగిలించారు. ఆ పేరు కూడా రెండు చోట్ల మార్చడం మరిచిపోయారు. బిల్లు మాత్రం పాసయింది. 2020 ఆగస్టులో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగిన సంగతి మరిచామా? ఈ కాల్వలు తెలిసిన మనుషులు ఇక్కడే ఉన్నారు. కాజీపేట దారిలో 1959 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇప్పుడది ఎన్ఐటీ. అటు ఒక్క ఉత్తరం రాస్తే పోయేదానికి విమానం టికెట్లు కొని మనుషుల్ని పిలిపించుకుంటున్నాం. ఆ వచ్చేవాళ్లు కూడా టెండర్‌లో బయోడేటా పెట్టిన పెద్దలు కారు, నిన్న మొన్న డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు.

నివేదిక నకలు కావాలని పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(డి) కింద వాణిజ్య రహస్యమని జవాబొచ్చింది. ప్రజల సొమ్ముతో చేయించిన కాల్వల లెక్క రహస్యమట. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉంది, అక్కడిదాకా చదవలేదు కాబోలు. మొదటి అప్పీలుకు జవాబే లేదు. రెండో అప్పీలుకు పోదామంటే అప్పట్లో రాష్ట్ర సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, కమిషనర్లే లేక ఖాళీగా పడి ఉండింది. ఇక జవాబివ్వని ఆఫీసర్లలో టెన్షన్ ఎవరికుంటుంది చెప్పండి?

విచారణ అధికారులు మూడు కాగితాలు వెబ్‌సైట్‌లో పెడితే చాలు. షరతుల పేజీ, మార్కుల షీటు, నివేదిక. నివేదిక పెట్టేటప్పుడు మాత్రం ఆ సముద్రం పేజీ తీసేయకండి.

ఇట్లు,
రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్, హన్మకొండ