జాంజిబార్‌కి తిథి చూసి రండి

దార్-ఎస్-సలాం

అన్నయ్యకూ వదినకూ,

అమ్మానాన్నలనీ పిల్లలనీ తీసుకుని టాంజానియాలోని జాంజిబార్ దీవి చూడ్డానికి వస్తున్నారని తెలిసి చాలా సంతోషంగా ఉంది. ఆ వారం నాకు సెలవు దొరకదు. మీ పక్కన ఉంటే చెప్పేవన్నీ అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. హోటళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు గోడ మీది క్యాలెండర్‌లో తిథులు చూడండి.

కాకినాడలో పోటుకీ ఆటుకీ నీటిమట్టంలో తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ అమావాస్యకీ పౌర్ణమికీ అది నాలుగు మీటర్లు. తూర్పు తీరంలో, అంటే పాజే, జంబియాని ఊళ్ల దగ్గర, నేల చదునుగా పగడపు గట్టు దాకా సాగుతుంది కాబట్టి ఆటు సమయానికి సముద్రం కిలోమీటరుకి పైగా వెనక్కి పోతుంది. ఇది తెలియకుండా గది తీసుకున్నవాళ్లు పొద్దున్నే స్నానానికని వెళ్లి, మోకాలి లోతు నీళ్లూ బురదా చూసి తిరిగొస్తారు. లెక్క మాత్రం తేలికే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుగు నాలుగున్నర ప్రాంతంలో వస్తుంది. నీళ్లు బాగా తగ్గేది పొద్దున పది, పదకొండు మధ్య. రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ అష్టమి నాటికి ఇది తలకిందులవుతుంది. అప్పుడు పదింటికి పోటు, పైగా తేడా కూడా తక్కువ. పిల్లలు ఈతకొట్టాలంటే అష్టమికి అటూ ఇటూ రండి. సముద్రపు నాచు తోటల్లో నడవాలంటే పౌర్ణమో అమావాస్యో వెళ్లిన మర్నాడు, ఆ తర్వాతి రోజు బాగుంటాయి. రెండూ కావాలంటే పౌర్ణమి మర్నాడు దిగి, వారం ఉండండి. తిథితో రోజు తేల్చుకుని, గంటలు మాత్రం ఆ నెల టైడ్ పట్టికలో సరిచూసుకోండి. ఏ తిథికైనా ఈత కావాలంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా వైపు వెళ్లాలి. అక్కడ నేల త్వరగా లోతవుతుంది కాబట్టి ఆటు ప్రభావం తక్కువ. జనమూ హోటళ్లూ ఎక్కువే, నాకైతే తూర్పు తీరమే ఇష్టం.

నెల విషయానికొస్తే మార్చి మధ్య నుంచి మే చివరి దాకా పెద్ద వానలు, వాటిని మసికా అంటారు. ఆ రోజుల్లో వద్దు. నవంబర్, డిసెంబర్‌లో పడే వూలి చిన్న వానలే, కాసేపు కురిసి తెరిపిస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయం నుంచి కూసి గాలి వీస్తుంది, చల్లగా ఉంటుంది. అన్నట్టు ఆ గాలే భూమధ్యరేఖ దాటాక మళ్లుకుని మన నైరుతి రుతుపవనంగా వస్తుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎదురు దిక్కున కస్కాజి వీస్తుంది. కచ్ నుంచి, ఒమన్ నుంచి తెరచాప ఓడలు కస్కాజితో వచ్చి, సరుకు ఎక్కించుకుని, కూసి మొదలయ్యాక తిరిగి వెళ్లేవి. ఈ దీవి చరిత్రంతా ఆ రెండు గాలుల మీదే నడిచింది. రంజాన్ నెలలో పగటిపూట చాలా భోజన హోటళ్లు మూసేస్తారు, బయట తినడం కూడా మర్యాద కాదు. చిన్నపిల్లలతో వచ్చేటప్పుడు ఆ నెల తప్పించుకుంటే మేలు.

కాగితాలు: టాంజానియా ఈ-వీసా మనిషికి 50 డాలర్లు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. దాన్ని పోలిన దళారుల సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి. 2024 అక్టోబర్ నుంచి జాంజిబార్‌కి విడిగా ప్రయాణ బీమా తప్పనిసరి చేశారు, పెద్దవాళ్లకి 44 డాలర్లు. మీ దగ్గర వేరే బీమా ఉన్నా ఇది కొనాల్సిందే. నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వస్తే పసుపు జ్వరం టీకా పత్రం అడగొచ్చు, తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో కూడా. టీకా వేశాక పదో రోజు నుంచే ఆ పత్రం చెల్లుతుంది. ఆఖరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. నాన్నకి వయసు రీత్యా ముందుగా డాక్టర్‌ని అడగాలి, 60 దాటినవాళ్లకి ఆ టీకా ఆలోచించి ఇస్తారు. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి. డాలర్ నోట్లు 2006 తర్వాత అచ్చయినవే తీసుకోండి, అంతకు ముందువి ఇక్కడ ఎవరూ తీసుకోరు. ఖర్చులకి షిల్లింగులు మార్చుకోండి. తూర్పు తీరంలో ఏటీఎంలు అరుదు కాబట్టి దీవిలోని పాత పట్నం స్టోన్ టౌన్‌లోనే తీసి పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులు నిషేధం, సామానులో కూడా పెట్టొద్దు.

దార్ నుంచి ఫెర్రీకి దాదాపు రెండు గంటలు పడుతుంది, విదేశీయులకి మామూలు తరగతి సుమారు 35 డాలర్లు. కూసి కాలంలో అలలు ఎక్కువ. అమ్మకి వాంతుల మాత్ర అరగంట ముందే ఇచ్చి, మధ్యలో కింది వరసలో కూర్చోబెట్టండి, ముందు వైపు కుదుపు ఎక్కువ. ఒకే దేశమైనా దీవిలో దిగాక పాస్‌పోర్ట్ చూస్తారు. రేవులో సామాను అందుకోవడానికి ఎగబడేవాళ్లకి ముందే కూలి మాట్లాడకుండా ఏదీ ఇవ్వకండి.

గంటల లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. ఇక్కడి భాష స్వాహిలీలో గంటలని పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు. మన ఏడు గంటలు వాళ్లకి ఒకటి, మన ఎనిమిది వాళ్లకి రెండు. డ్రైవర్ "సా ంబిలి" అన్నాడంటే రెండింటికి కాదు, ఎనిమిదింటికి వస్తాడు. పొద్దునా సాయంత్రమా అని కూడా అడిగి తేల్చుకోండి. ఫెర్రీ టికెట్ మీద మాత్రం మామూలు గంటలే ఉంటాయి.

ఇక నాన్న కోసం. స్టోన్ టౌన్‌కి కనీసం రెండు పూర్తి రోజులు కేటాయించండి. చాలామంది ఒక పూటలో చుట్టేసి బీచ్‌కి పరుగెడతారు, అది నాకు బాధ కలిగిస్తుంది. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఊరు ఇది. గోడలు పగడపు రాయితో, సున్నంతో కట్టారు. నాన్నకి డంగు సున్నం గురించి చెప్పనక్కర్లేదు. ఇంటి కప్పులకి మడ చెట్ల దుంగలు వేశారు. ఆ దుంగ ఎంత పొడవుంటే గది వెడల్పు అంతే, సాధారణంగా మూడు మీటర్ల లోపు. పెద్ద పెద్ద భవనాల్లోనూ గదులు సన్నగా, పొడుగ్గా ఉండడానికి కారణం అదే. సున్నపు గోడ తడి పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దానిమీద సిమెంట్ పూస్తే తడి లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, రాయి పొడి పొడిగా రాలుతుంది, కప్పు దుంగలు కుళ్లిపోతాయి. వీధుల్లో పెచ్చులూడిన గోడలు కనబడతాయి. ఏది సున్నమో ఏది సిమెంటో నాన్న వేలుపెట్టి చూపించగలరు.

సుల్తాన్ బర్గాష్ 1883లో కట్టించిన బైత్-అల్-అజాయిబ్, అంటే వింతల మేడ, 2020 డిసెంబర్ 25న కొంత భాగం కూలిపోయింది. దాన్ని బయటి నుంచే చూడాలని అనుకుని రండి. పక్కన ఉన్న కోట పోర్చుగీసువాళ్లని వెళ్లగొట్టాక ఒమన్ అరబ్బులు కట్టింది. 1896 ఆగస్టు 27న బ్రిటిష్ యుద్ధనౌకలు ఈ రేవులోంచే రాజభవనం మీద గుళ్లు కురిపించాయి. ముప్పావు గంటలోపే ముగిసిన యుద్ధం అది.

ఆంగ్లికన్ చర్చికి పొద్దున్నే వెళ్లండి, గుంపులు రాకముందు. 1873లో మూయించిన బానిసల సంత స్థలంలోనే దాన్ని కట్టారు. బలిపీఠం దగ్గర గుండ్రని పాలరాయి ఉన్న చోట కొరడా దెబ్బలు కొట్టే స్తంభం ఉండేదని చెబుతారు. అక్కడి నేలమాళిగ గదుల్లో బానిసలని కుక్కి ఉంచేవారని గైడ్లు చూపిస్తారు. ఆ గదులు తర్వాత వచ్చిన మిషన్ ఆసుపత్రి కోసం కట్టినవని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. కాబట్టి గదుల కన్నా పక్కనున్న ప్రదర్శనలో ఎక్కువసేపు గడపండి, అక్కడి పలకలు ఓపిగ్గా చదవండి. బయట ఆవరణలో గోతిలో నిలబడ్డ ఐదుగురు మనుషుల శిల్పం ఉంది. వాళ్ల మెడల్లోని గొలుసు ఆనాటి అసలు గొలుసే. పిల్లలకి ముందుగా నాలుగు మాటలు చెప్పి తీసుకెళ్లండి. ఇందులో మనవాళ్ల పాత్ర కూడా దాచకుండా చెప్పండి. 19వ శతాబ్దంలో చాలా ఏళ్లపాటు ఇక్కడి సుంకాల వసూలు కచ్ వర్తకుడు జయరాం శివ్‌జీ సంస్థ చేతిలోనే ఉండేది. ఏనుగు దంతాల కోసం, మనుషుల కోసం లోపలి భూభాగానికి వెళ్లిన బిడారాలకి అప్పులిచ్చింది ఎక్కువగా భారతీయ వర్తకులే.

అదే వర్తకుల చేతి మీదుగా వచ్చిన అందాలూ ఉన్నాయి. తలుపుల్లో పైన కమాను ఉండి, ఇత్తడి మొనలు దిగ్గొట్టినవి భారతీయ పద్ధతివి. పైభాగం తిన్నగా ఉండి అరబ్బీ అక్షరాలు చెక్కినవి ఒమన్ పద్ధతివి. భారతీయ వర్తకుడు తారియా తోపన్ కట్టించిన పాత దవాఖానా చెక్క వసారాలు తప్పక చూడండి. హురుమ్జి వీధిలో శివశక్తి మందిరం ఉంది, అమ్మకి అక్కడ కాసేపు హాయిగా ఉంటుంది. సుల్తాన్‌ని దించేసిన 1964 జనవరి 12 విప్లవంలో వేలమంది చనిపోయారు. ఎందరో అరబ్బులు, భారతీయులు దీవి వదిలి వెళ్లారు. ప్రభుత్వం తీసుకున్న ఇళ్లని భాగాలు చేసి చాలా కుటుంబాలకి ఇచ్చారు, వాటికి మరమ్మతు చూసే దిక్కు లేకపోయింది. ఈ మాట ఎత్తితే ఇక్కడి పెద్దవాళ్లు మౌనంగా ఉండిపోతారు, నాన్నని గుచ్చి గుచ్చి అడగొద్దనండి.

ఊళ్లో అందరూ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయకండి.

తిండి గురించి వదినకి బెంగ వద్దు. "సిలి న్యామా, సిలి సమాకి" అంటే మాంసం తినను, చేప తినను అని. గుడ్డు వద్దంటే "బిలా మయాయి". కొబ్బరిపాలలో ఉడికించిన చిక్కుడు గింజలు మహరాగే, కొబ్బరిపాల తోటకూర మ్చిచా, కొబ్బరన్నం, చపాతీ, వేయించిన కర్రపెండలం అంతటా దొరుకుతాయి. ఊరోజో అనే పుల్లటి పసుపు పులుసులో బజ్జీలు, బంగాళాదుంప కచోరీలు వేసి ఇస్తారు. మాంసం ముక్కలు, గుడ్డు వేయవద్దని గిన్నె పట్టేముందే చెప్పాలి. సాయంత్రం ఫొరొధాని తోటలో బండ్లు పెడతారు. అక్కడ ధర అడక్కుండా చేయి చాపకండి, మీ కళ్ల ముందు కాల్చినదే తీసుకోండి. చెరకు రసంలో ఐస్ వద్దనండి.

లవంగం తోటలకి కిజింబని వైపు సగం రోజు చాలు. మొగ్గ ఆకుపచ్చ నుంచి గులాబి రంగుకి తిరిగి, విచ్చుకోకముందే చేత్తో కోయాలి. విచ్చుకుంటే నూనె తగ్గి ధర పడిపోతుంది. తొడిమలు వేరు చేసి చాపల మీద నాలుగైదు రోజులు ఎండబెడతారు. వాన తగిలితే పులిసిపోయి, తెల్లబారి, ముడతలు పడతాయి. పూర్తిగా ఎండాక బరువు మూడో వంతుకి దిగుతుంది. కొనేముందు నాలుగు గింజలు నీళ్లలో వేయండి. నిటారుగా తేలితే నూనె ఉన్నట్టు, పక్కకి వాలితే పిండేసినవి. రైతుల దగ్గర లవంగం టోకున కొనేది ప్రభుత్వ సంస్థ ఒక్కటే, అందుకే ఇంటికి చిన్న ప్యాకెట్లు దుకాణంలోనే కొనండి. కుంకుమపువ్వు అని అమ్మేది మాత్రం కొనొద్దు, అది కుసుమ పువ్వు. గవ్వలు, పగడాలు, తాబేటి చిప్ప వస్తువులు ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. అవి కొనడం వల్లే ఇక్కడి సముద్రం ఖాళీ అవుతోంది, పైగా కస్టమ్స్‌లో పట్టుబడతారు. అమ్మకి కంగా బట్ట కొనండి, రెండు ముక్కల జతగా వస్తుంది. అంచున స్వాహిలీ సామెత అచ్చేసి ఉంటుంది. అర్థం అడిగి తీసుకోండి, కొన్ని పుల్లవిరుపు మాటలు.

జొజాని అడవి ఊరికి 35 కిలోమీటర్లు. జాంజిబార్ ఎర్ర కొలోబస్ అనే రకం కోతులు ప్రపంచంలో ఈ ద్వీపాల్లో తప్ప అడవిలో ఇంకెక్కడా లేవు. 2017 లెక్కలో 5,800 పైచిలుకు తేలాయి. అవి తినేది ఆకులు, పచ్చికాయలు. పండు పెడితే కడుపు పాడవుతుంది. మామిడి ఆకు, బాదం ఆకు తిన్నాక అందులోని విషపదార్థాలు విరగడానికి ఊళ్లలోని పొయ్యిల దగ్గర బొగ్గు ఏరుకుని తింటాయి. పిల్లలు చేయి చాపకుండా చూడండి, మన జలుబు వాటికి అంటుతుంది. ఆ రోడ్డు మీద డ్రైవర్‌ని నెమ్మదిగా పొమ్మనండి, బండ్ల కింద పడి చాలా చచ్చిపోయాకే అక్కడ స్పీడ్ బ్రేకర్లు వేశారు. టికెట్‌లోనే మడ అడవి చెక్క వంతెన కూడా వస్తుంది. కోరంగి చూసిన మీకు చెట్లు కొత్తకాదు గానీ నీళ్లు మరీ తేటగా ఉంటాయి. పోటు వేళకి వెళ్లండి.

పాజేలో నాచు తోటలు ఆడవాళ్లవి. 1989 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ నుంచి విత్తనం తెచ్చి మొదలుపెట్టారు. ఇసుకలో కర్రలు పాతి, తాళ్లు కట్టి, నాచు ముక్కలు ముడివేస్తారు. ఆరు వారాలకి కోతకొస్తుంది. నీళ్లు వేడెక్కడంతో మంచి ధర పలికే రకం చచ్చిపోతోంది, చవక రకమే మిగిలింది. తాళ్లు తొక్కకండి. కాళ్లకి మడమ దాకా మూసే రబ్బరు బూట్లు వేసుకోండి, నల్ల ముళ్ల సీ అర్చిన్లు గుచ్చుకుంటే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది.

చంగూ దీవికి పొద్దున పడవలో వెళ్లొచ్చు. అక్కడి పెద్ద తాబేళ్లు 1919లో సీషెల్స్ నుంచి బహుమతిగా వచ్చిన వాటి సంతతి. జైలు దీవి అంటారు గానీ, ఆ జైలు భవనం అంటురోగుల క్వారంటైన్‌కే వాడారు. కిజింకాజిలో డాల్ఫిన్ల వెంట పడవలతో తరమడం చూడలేం, దానికి వెళ్లొద్దు. అదే ఊళ్లో 1107 నాటి శాసనం ఉన్న మసీదు చూడండి.

తేదీలు అనుకున్నాక వెంటనే రాయండి, ఫెర్రీ టికెట్లు ఇక్కడి నుంచే తీస్తాను. అందరి పాస్‌పోర్ట్ మొదటి పేజీల ఫొటోలు పంపండి. అమ్మ మోకాళ్లకి స్టోన్ టౌన్ మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి కింది అంతస్తు గదే అడుగుతాను.

మీ చెల్లి