బ్యాకప్ మెయిల్‌ని నమ్మితే అంతే!

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురం మార్కెట్ యార్డులో ఒక చీనీ (బత్తాయి) మండీకి లెక్కలు రాసే గుమాస్తాని. ఇరవై ఏళ్లు ఖాతా పుస్తకాలతో గడిపి ఆఖరికి కంప్యూటర్‌కి మారాం. మా పట్టీలన్నీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) ఇప్పుడు అద్దె సర్వర్‌లో ఉంటాయి. రోజూ రాత్రి వాటికి నకలు ఫైల్ (బ్యాకప్) తీశాక 'బ్యాకప్ విజయవంతం' అని మెయిల్ వస్తుంది. పొద్దున్నే అది చూసుకుని నిశ్చింతగా టీ తాగేవాణ్ణి.

మార్చి ఆఖరున ఆడిటర్ గారు కాపీ అడిగితే మొదటిసారి ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేశాను. నొక్కీ నొక్కకముందే దిగిపోయింది. మా యార్డులో నెట్ ఇంత స్పీడా అని ముచ్చటపడ్డాను కూడా. సైజు చూస్తే 20 బైట్లు! 'చీనీకాయలు' అన్న ఒక్క మాట తెలుగులో రాయడానికే 27 బైట్లు కావాలి.

సంగతేమంటే, నవంబర్‌లో సర్వర్ వాళ్లు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాకప్ ప్రోగ్రాంలో పాతదే ఉండిపోయింది. డేటా తీయాల్సిన మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ప్రోగ్రాం గుమ్మం బయటే ఆగిపోయింది. దాని వెనక నిలబడ్డ, ఫైల్‌ని కుదించే జీజిప్ మాత్రం ఏమీ రాకపోయినా బుద్ధిగా మూటకట్టి 'అయింది' అంది. ఆ చివరి మాట చూసే మెయిల్ వెళ్తుందట. ఖాళీ గోనెసంచికి మూతి కుట్టి తూకం చీటీ తగిలించినట్టు. నాలుగు నెలలు! ఆ మధ్యలో సర్వర్ చెడిపోయి ఉంటే రైతుల బాకీలు ఏం చూసి కట్టేవాళ్లం?

పాస్‌వర్డ్ సరిచేశాక 64 ఎంబీ ఫైల్ వచ్చింది. ఈసారి నమ్మలేదు. ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటర్‌లో ఖాళీ డేటాబేస్ పెట్టి దాంట్లోకి ఎక్కించాం. అంకెలన్నీ వచ్చాయి కానీ పేర్లున్న చోటల్లా ప్రశ్నార్థకాలే. ఎంతివ్వాలో ఉంది, ఎవరికివ్వాలో లేదు. కాపీ తీసేటప్పుడు తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్8 సెట్టింగ్ కాకుండా వేరేది ఉందట. మూడోసారికి పట్టీల సంఖ్య, చివరి పట్టీ నంబరు, ఖాతాల నిల్వ పైసలతో సహా టాలీ అయ్యాయి.

చిన్నవాళ్లం కాబట్టి ఇలా జరిగిందనుకోవద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్‌లు లేవు. వెర్షన్ తేడా వల్ల అవి ఫెయిలవుతున్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరలేదు. ఆరు గంటల ముందు పరీక్షల కోసం ఎవరో తీసిన కాపీ వాళ్లని గట్టెక్కించింది.

ఇప్పుడు ప్రతి సోమవారం వేలం అయ్యాక ఫైల్ దించి, ఎక్కించి చూస్తున్నాను. అరగంట పని. అందులో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లుంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్ బీరువాలోనే పెడుతున్నాం.

మండీలకు, షాపులకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఒక మనవి. ఆ మెయిల్‌లో 'విజయవంతం' తీసేసి, ఫైల్ సైజు, చివరి పట్టీ నంబరు పంపండి. నిజమో కాదో మేమే చూసుకుంటాం.

— ఒక మండీ గుమాస్తా, అనంతపురం