డిసెంబరు కిట్‌లో మా పొరపాటు: సీసం బరువులు మార్చుకోండి, పైన మోనో దారం కట్టించుకోండి

మా దగ్గర స్టీల్‌హెడ్ (సముద్రం నుంచి నదికి వచ్చే ట్రౌట్ చేప) పట్టే కిట్ కొన్న అందరికీ నమస్కారం.

ముందు తప్పు ఒప్పేసుకుంటాం. ఈ చలికాలం వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కైకోమిష్, స్నోక్వాల్మీ నదుల కోసం కట్టి ఇచ్చిన కిట్లలో రెండు పొరపాట్లు జరిగాయి. అర ఔన్సు బెండుకు పావు ఔన్సు సీసం జత చేశాం. రీల్ నిండా 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం) చుట్టి, దాని మీదే నేరుగా ఆపు ముడి (బెండు ఎంత లోతు దగ్గర ఆగాలో పెట్టే ముడి) వేసుకోమన్నాం. రాడ్, రీల్, కొక్కేలు, పూసలు బాగానే ఉన్నాయి. మీకు చేప పడకపోవడానికి కారణం చాలావరకు ఆ బెండు, సీసం దగ్గరే ఉంది. పావు ఔన్సు సీసం బరువులు తెచ్చిస్తే 3/8 ఔన్సువి ఊరికే ఇస్తాం. వాడినవైనా, మెలికలు పడినవైనా ఫర్వాలేదు.

ఆ కాస్త తేడాకే ఇంత గొడవ ఎందుకంటారా? బెండు మీద రాసి ఉండే అంకె అది మోయగల బరువు. అర ఔన్సు బెండు కింద మొత్తం బరువు అర ఔన్సుకు కాస్త తక్కువగా ఉంటే, అది నిటారుగా నిలబడి రంగు వేసిన పైభాగం మాత్రమే నీటి పైకి చూపిస్తుంది. పావు ఔన్సే కడితే సగానికి పైగా తేలిపోతుంది, వడి నీటిలో పక్కకు ఒరిగిపోతుంది. చేప ఎర నోట పెట్టుకుని కాస్త లాగినా అంత పెద్ద బెండు మునగదు. ఆ బరువు తగిలి చేప ఉమ్మేస్తుంది. పైగా తేలిక సీసం అడుగుకు దిగేసరికి మంచి చోటు దాటిపోయి ఉంటుంది.

అసలు చిక్కు ఇంకొకటి. బెండు పక్కకు పడుకోవడానికి రెండు కారణాలుంటాయి: బరువు చాలకపోవడం, లేదా లోతు ఎక్కువ పెట్టడం వల్ల సీసం అడుగున కూర్చోవడం. మా కిట్ వాడినవాళ్లలో చాలామంది రెండోదే అనుకుని ఆపు ముడిని కిందికి జరుపుతూ పోయారు. దాంతో ఎర చేపల తలల మీదుగా రెండు మూడు అడుగుల పైన పోయింది. స్టీల్‌హెడ్ చలి నీటిలో ఎర కోసం అంత పైకి లేవదు.

నదికి వెళ్లకముందే ఇంట్లో బకెట్ నీళ్లలో చూసుకోండి. ఆపు ముడిని బెండుకు ఆనించి, కింద సీసం, పూస, కొక్కెం అన్నీ కట్టి వేలాడదీయండి. సీసం అడుగుకు తగలకూడదు. పైరంగు ఒక్కటే కనిపిస్తే సరిపోయింది. ఇంకా ఎత్తుగా తేలుతుంటే లీడర్ (సీసం నుంచి కొక్కెం దాకా ఉండే దారం) మధ్యలో ఒక చిన్న చీలిక సీసం గుండు నొక్కి బిగించండి. పూర్తిగా మునిగితే ఒకటి తీసేయండి. ఐదు నిమిషాల పని.

ఇక రెండో పొరపాటు. బ్రెయిడ్ సన్నగా, నున్నగా ఉంటుంది. దాని మీద వేసిన ఆపు ముడి నాలుగు విసుర్లకే జారుతుంది. ఐదడుగుల లోతు పెట్టామనుకుంటాం, పదో విసురుకు అది ఏడడుగులై కొక్కెం రాళ్లలో ఇరుక్కుంటుంది. దీనికి మందు: బ్రెయిడ్ చివర 15 పౌండ్ల మోనో దారం (ఒకే పోగు నైలాన్) 15 అడుగులు కలపండి. డబుల్ యూని ముడి చాలు. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, మోనో వైపు ఐదు. బిగించే ముందు నోటితో తడపండి. పొడిగా బిగిస్తే మోనో వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. తోకలు దగ్గరకు కత్తిరించండి, లేకపోతే రాడ్ వలయాల్లో తట్టుకుంటాయి. ఆపు ముడి ఎప్పుడూ ఈ మోనో మీదే ఉండాలి.

మోనో మీద వరస ఇది: ఆపు ముడి, చిన్న పూస, జారే బెండు, మళ్లీ చిన్న పూస, ఆ తర్వాత రెండు వైపులా స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే కడియం) ఉన్న సీసం. సీసం కింది కొసకు 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. కిట్‌లో ఇచ్చిన 12 పౌండ్లదీ పనిచేస్తుంది కానీ నీరు తేటగా ఉన్న రోజున పదే మేలు. లీడర్ ఎప్పుడూ పై దారం కన్నా బలహీనంగా ఉండాలి. అప్పుడు రాయికి చిక్కి లాగితే కొక్కెం ఒక్కటే పోతుంది, బెండు, సీసం మిగులుతాయి. రెండూ ఒకే బలమైతే ఆపు ముడి దగ్గర తెగి మొత్తం సరంజామా నదికి అర్పణం. లీడర్ పొడవు మామూలుగా 24 అంగుళాలు, మురికి నీటిలో 18, అద్దంలాంటి నీటిలో 36.

ఎరగా పనిచేసే, చేప గుడ్డులా కనిపించే పూస కొక్కేనికి రెండంగుళాల పైన ఉండాలి. గుండ్రటి పళ్లపుల్ల చివర పూస రంధ్రంలో దోపి, బయటికి మిగిలింది తుంచేస్తే కదలదు. పూస కొక్కెం మీదే కూర్చుంటే కొక్కెం నోరు మూసుకుపోయి చేప తప్పించుకుంటుంది. నాలుగైదు అంగుళాలు దూరం పెడితే నోటికి కాకుండా బుగ్గకో కంటికో గుచ్చుకుంటుంది. నీరు తేటగా ఉంటే 8 లేదా 10 మిల్లీమీటర్ల పూస, పచ్చగా మసకబారితే 12 నుంచి 14. రంగుల గురించి ఫోన్లో చాలా మంది అడుగుతున్నారు. నారింజ ఒకటి, లేత గులాబి ఒకటి ఉంటే చాలు. మా అరల్లో ఉన్న మిగతా ఇరవై రంగులూ చేపల కన్నా మనుషుల్నే ఎక్కువ పడతాయి.

నది దగ్గర లోతు ఎలా పెట్టాలి? ముందు నాలుగడుగులతో మొదలుపెట్టండి. ఒక్కో విసురుకు అర అడుగు పెంచండి. బెండు ఉండుండి తడబడుతూ, తల దిగువకు వాల్చిందంటే కింది సరుకు రాళ్లను రాసుకుంటోందని అర్థం. అక్కడి నుంచి ఒక అడుగు తగ్గించండి. ఎర నది అడుగుభాగానికి ఒకటి, ఒకటిన్నర అడుగుల పైన పోవాలి. బెండు తల కొంచెం ఎగువకు వాలి ఉంటే ఇంకా మంచిది. ఎర ముందు, బెండు వెనక నడుస్తున్నాయన్నమాట, చేపకు మొదట కనిపించేది ఎరే.

మన ఊరి చెరువులో బెండు కదిలితే చేప. ఇక్కడ బెండు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఆగితే చేప. ఒక్క క్షణం నిలిచినా, పక్కకు జరిగినా, రంగు కాస్త తగ్గినా రాయో చేపో అని ఆలోచించకండి. వదులు దారం గబగబా చుట్టి, రాడ్‌ను దిగువ పక్కకు ఒక్క ఊపున లాగండి. చేప ఎగువకు ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి కొక్కెం నోటి మూలలో దిగుతుంది. వదులు దారం చుట్టకుండా లాగితే మీ ఊపంతా ఆ వదులుకే సరిపోతుంది.

బెండు నీటి వేగంతోనే పోవాలి. మధ్యలో దారం విల్లులా వంగి దిగువకు పోతే బెండును లాక్కుపోతుంది, ఎర పైకి లేస్తుంది. విసిరిన వెంటనే రాడ్ కొన ఎత్తి, నీటి మీది దారాన్ని తీసి ఎగువ వైపు వేయండి. బ్రెయిడ్ తేలుతుంది కాబట్టి ఇది తేలిక. విసురు చివర బెండును రెండు మూడు క్షణాలు బిగపట్టండి. ఎర మెల్లగా పైకి లేచే ఆ సమయంలో పట్టే చేపలు తక్కువేం కాదు.

చోటు విషయానికొస్తే, మనిషి నడిచేంత వేగంతో పారే, మూడు నుంచి ఎనిమిది అడుగుల లోతు నీరు చూడండి. వడి నీరు, నెమ్మది నీరు కలిసే గీత, పెద్ద బండల ముందూ వెనకా, మడుగు తోక పల్చబడే చోటు. ముందు ఒడ్డు పక్కనే వేయండి. వచ్చీ రాగానే మోకాళ్ల లోతు దిగితే నిలబడే చోట ఉన్న చేపల్నే తరిమేసినట్టు. ఒక వరసలో మూడు విసుర్లు, తర్వాత రెండడుగులు అవతలికి. అరగంటలో తాకిడి లేకపోతే దిగువకు నడవండి. నీరు 40 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లబడితే ఇంకా నెమ్మది నీటికి వెళ్లండి, ఎర ముక్కు ముందుకే పోవాలి.

వాన తర్వాత గోల్డ్ బార్ దగ్గరి యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) నీటిమట్టం గేజ్ చూసి బయలుదేరండి. గీత పైకి పోతుంటే ఇంట్లో ఉండండి. దిగుతూ, నీరు పచ్చగా మారి రెండు నుంచి నాలుగు అడుగుల లోపలికి చూపు ఆనుతుంటే అదే రోజు. నడుము బెల్టు లేకుండా వేడర్లు (నీటిలో నడిచేందుకు వేసే, నీరు చొరని ప్యాంట్లు) వేసుకుని దిగొద్దు. పడితే అందులోకి నీళ్లు చేరతాయి.

డ్రాగ్ (చేప లాగినప్పుడు రీల్ దారం వదిలే బిగువు) గురించి ఒక మాట. డ్రాగ్ మరీ బిగించి ఉన్న రీళ్లు చాలా కనిపించాయి. ఇండియా వెళ్లే ముందు సూట్‌కేసు తూచే చేతి తూకం మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది. దారం కొస దానికి కట్టి, రాడ్ వంచి పట్టుకుని, ఇంకొకరిని లాగమనండి. 10 పౌండ్ల లీడర్‌కు 2.5 నుంచి 3 పౌండ్ల దగ్గర రీల్ దారం వదలాలి, కిలోల్లో 1.1 నుంచి 1.4. ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, చేప తల విదిలించినప్పుడు బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే ఇంత తేడా ఉంచడం.

గడ్డకట్టే ఉదయాల్లో బ్రెయిడ్ నీళ్లు పీల్చి రాడ్ వలయాల్లో మంచు పేరుకుంటుంది. రాడ్ కొన నీటిలో ముంచితే కరుగుతుంది. ప్లయర్‌తో కొట్టకండి, వలయం లోపలి పింగాణీ పగులుతుంది, తర్వాత ఆ పగులే దారాన్ని కోస్తుంది. వలయాలు విరిగిన రాడ్లు ఇప్పటికే బాగుచేతకు వచ్చాయి, వాటికి మాత్రం డబ్బు తీసుకోక తప్పదు.

కిట్‌లోని కొక్కేలకు ఎదురుముల్లు ఉంది. బార్బ్‌లెస్ (ఎదురుముల్లు లేని కొక్కెం) అడిగే చోట ప్లయర్‌తో ముల్లును నొక్కి, పాత నూలు గుడ్డలో గుచ్చి బయటికి లాగి చూడండి. పోగు పట్టుకుంటే ఇంకా మిగిలి ఉన్నట్టే. పూస కాకుండా చేప తినే నిజమైన ఎర వాడొచ్చా లేదా, ఏ మేర తెరిచి ఉంది అన్నది నది ముక్క ముక్కకూ మారుతుంది. సీజన్ మధ్యలోనూ అత్యవసర ఉత్తర్వులు వస్తుంటాయి. బయలుదేరే రోజు ఉదయం రాష్ట్ర చేపల శాఖ యాప్‌లో చూసుకోండి.

టోకుల్ క్రీక్, రైటర్ పాండ్స్ దగ్గర డిసెంబరు, జనవరిల్లో వచ్చేవి ఎక్కువగా హేచరీ (చేపపిల్లల్ని పెంచి వదిలే కేంద్రం) చేపలు. తోకకు ముందు వీపు మీద ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి, ఆ చోటు మాని ఉంటేనే అది హేచరీది, దాన్నే ఇంటికి తీసుకెళ్లొచ్చు, వెంటనే క్యాచ్ రికార్డ్ కార్డులో రాయాలి. ఆ రెక్క ఉంటే సహజ చేప. ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాన్ని ఫొటో కోసమైనా పూర్తిగా నీటి బయటికి ఎత్తకూడదు, చట్టం ఒప్పుకోదు. రబ్బరు వలలో, నీటిలోనే ఉంచి కొక్కెం తీసి వదలండి. నూలు దారపు వలలు చేప ఒంటి మీది జిగురు పొరను గీకేస్తాయి కాబట్టి అవి అమ్మడం మానేశాం.

శని, ఆదివారాలు ఉదయం 8 నుంచి 11 వరకు మార్పిడి. వచ్చేటప్పుడు రీల్ కూడా తెచ్చుకోండి. మోనో ముక్క మాదే, ముడి మీ ముందే వేసి ఇస్తాం. రెండోది మీ చేత వేయిస్తాం.