మిషిగన్‌లో చదువుతున్న అబ్బాయికి కొలంబస్ నుంచి

కొలంబస్,
2 ఫిబ్రవరి 2025

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు మొన్న ఫోనులో అన్న మాటకు మీ నాన్నగారు ఇంకా కారాలు మిరియాలు నూరుతూనే ఉన్నారు. సొంత మైదానంలో మిషిగన్ చేతిలో ఓడిన మా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌లో దేశానికి ఛాంపియన్ ఎలా అవుతుందని నీ వాదన. కప్పు చేతికి వచ్చాక ఆ ఓటమి లెక్కలోకే రాదని ఆయన వాదన. నాకు రెండూ నచ్చలేదు. మీరిద్దరూ మొదలుపెడితే ఫోనులో నా గొంతు వినబడదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. ఒహాయో స్టేట్‌లో ఎమ్మెస్ చదివినదాన్ని. ఈ జట్టు గురించి మాట్లాడే హక్కు ఇంట్లో అందరికంటే ముందు నాది.

మొదట ఓటమి సంగతే చూద్దాం. నవంబరు 30న మీరు 13, మేము 10. ఆ రోజుకు మీ జట్టు ఆరు ఆటలు గెలిచి ఐదు ఓడి ఉంది. మీరు గెలుస్తారని మీ ఊళ్ళోనూ ఎక్కువమంది అనుకుని ఉండరు. మీ డిఫెన్స్ నడుమ మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ వంటి భారీ ఆటగాళ్ళు నిలబడి ఉంటే, మావాళ్ళు గోడకు తల బాదుకున్నట్టు బంతి పట్టుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే పరుగెత్తారు. ఎదుటివాళ్ళను నెట్టి దారి తెరిచే మా ముందు వరుసలో ఎడమ ట్యాకిల్ జాష్ సిమ్మన్స్ అక్టోబరులోనే గాయపడ్డాడు, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ నవంబరులో ప్రాక్టీసులో దెబ్బతిని తప్పుకున్నాడు. అటువంటి అతుకుల లైనును పెట్టుకుని మధ్యలోంచి దూసుకుపోవాలనుకోవడం మొండితనమే తప్ప వ్యూహం కాదు. జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా వంటి, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లు ఇద్దరు అంచున ఖాళీగా ఉండగా ఆ పట్టుదల ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ విల్ హావర్డ్ రెండుసార్లు దాన్ని మీవాళ్ళ చేతుల్లోకే విసిరాడు, బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యకు పంపవలసిన జేడెన్ ఫీల్డింగ్ రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడు, 45 సెకన్లు మిగిలి ఉండగా మీ జ్వాడా తప్పలేదు. ఆ తరువాత మైదానం నడుమ జెండా పాతబోవడం, తోపులాట, పోలీసుల పెప్పర్ స్ప్రే. అందులో తప్పెవరిదని నన్ను అడగకు.

ఈ ఓటమిని ఏ కప్పూ తుడిచేయలేదని మీ నాన్నగారికి నేను చూపించే సాక్ష్యం ఒకటుంది. మిషిగన్ మీద గెలిచిన జట్టులోని ప్రతి ఆటగాడికీ ఇక్కడ ప్యాంటు ఆకారంలో ఉండే చిన్న బంగారు లాకెట్ ఇస్తారు. 1934 నుంచి నడుస్తున్న ఆచారమిది. జాక్ సాయర్, ఎగ్బుకా, ట్రెవియన్ హెండర్సన్, జేటీ టుయిమొలావు 2021లో చేరినవాళ్ళు, ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్ళిపోగలిగి ఉండీ ఈ ఒక్క సీజను కోసం ఆగినవాళ్ళు. నాలుగేళ్ళలో ఒక్క లాకెట్టూ అందుకోకుండానే వాళ్ళు కాలేజీ వదులుతున్నారు.

ఇక నీ వాదన. ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు 12 జట్లను తీసుకోవడం వల్లే మాకు రెండో అవకాశం దొరికిందన్నావు. నిజమే. జట్లను ఎంచే కమిటీ చివరి జాబితాలో మా స్థానం ఆరు. పాత పద్ధతిలో నాలుగు జట్లనే తీసుకుంటే మా సీజను ఆ మధ్యాహ్నమే ముగిసేది. కాని అవకాశం దొరకడం వేరు, దాన్ని దక్కించుకోవడం వేరు. డిసెంబరు 21న, మా మొదటి ప్లేఆఫ్ ఆటకు వచ్చిన టెనెసీ అభిమానులు మా స్టేడియంలో చాలా భాగం నారింజ రంగుతో నింపేసిన ఆ చలి రాత్రి, మావాళ్ళు మొదటి నుంచే బంతిని స్మిత్‌కు విసరడం మొదలుపెట్టి, మొదటి క్వార్టర్‌లోనే 21 పాయింట్లు చేసి 42-17తో గెలిచారు. మూడు వారాల కిందటి జట్టూ ఇదే, కోచ్ రయన్ డే ఆయనే. మారింది ఆట తీరు. అక్టోబరులో మమ్మల్ని 32-31తో ఓడించిన ఓరెగన్, అప్పటికి ఒక్క ఆటా ఓడని నంబర్ వన్ జట్టు, రోజ్ బౌల్‌లో జరిగిన మా తరువాతి ప్లేఆఫ్ ఆటలో రెండో క్వార్టర్‌కే 34-0 వెనకబడింది.

సెమీఫైనల్లో టెక్సస్‌తో జరిగిన ఆటను మాత్రం నువ్వు మళ్ళీ చూడు. మేము 21-14 ముందున్నాం, చివరి నిమిషాలు, బంతి మా గోల్‌కు ఒక్క గజం దూరంలో టెక్సస్ చేతిలో ఉంది. వాళ్ళు పక్కకు పరుగెత్తబోయి ఏడు గజాలు వెనక్కి పోయారు. నాలుగో డౌన్‌లో, అంటే వాళ్ళ చివరి ప్రయత్నంలో, సాయర్ లైను దాటుకొచ్చి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్ చేతిలోని బంతిని కొట్టి, అది నేలమీద పడి ఎగిరితే తనే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఒకప్పుడు ఇక్కడ వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉన్నవాళ్ళు. సాయర్‌ది మన పక్కనున్న పికరింగ్టన్.

అట్లాంటాలో నోటర్ డామ్ మీద 34-23తో గెలిచిన ఫైనల్ గురించి ఎక్కువ రాయను. ఆట ముగియడానికి 26 సెకన్ల ముందు గెలుపును ఖాయం చేసిన ఫీల్డ్ గోల్ కొట్టింది ఆ జేడెన్ ఫీల్డింగే అని మాత్రం గుర్తుపెట్టుకో. డబ్బుతో కొన్న జట్టని కూడా అన్నావు. ఆటగాళ్ళకు అందింది దాదాపు రెండు కోట్ల డాలర్లని ఇక్కడి అథ్లెటిక్ డైరెక్టరే చెప్పారు, దాచింది లేదు; ఆ డబ్బు నవంబరు 30న మైదానంలో ఉన్న ఆటగాళ్ళదే కదా, ఆ రోజు ఏం కొనిపెట్టింది? కాబట్టి పద్నాలుగు గెలుపులూ, రెండు ఓటములూ, కప్పూ అన్నీ ఈ సీజనువే. నువ్వు కప్పును ఒప్పుకో, ఆయన చేత మిషిగన్ ఆటను ఒప్పించే పని నాది.

ఈ ఏడు నవంబరు 29న ఆట మీ ఆన్ ఆర్బర్‌లోనే. నాకూ నాన్నగారికీ రెండు టికెట్లు ఇప్పటి నుంచే చూసిపెట్టు, విద్యార్థులు కూర్చునే వైపు మాత్రం వద్దు. ఆయన ఎర్ర జెర్సీ వేసుకునే వస్తానంటున్నారు.

ఇట్లు,
అమ్మ